ఆకు ఎవరి కడుపులో కరిగింది

బేతమంగళం చెరువు నిండితే కేజీఎఫ్ దాహం తీరినట్టే. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో కోలారు బంగారు గనుల కంపెనీ పాలారు మీది ఆ చెరువు పక్కన వడపోత కేంద్రం పెట్టి, కోరమండల్, ఉరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం వైపు గొట్టాలు వేయించింది. బంగారం కథ రాసినవాళ్లు ఈ నీళ్లకు నాలుగు వాక్యాలకు మించి చోటివ్వరు. ఆ నీళ్లలో బతికే పురుగులకైతే ఆ నాలుగు వాక్యాలూ దక్కవు.

పురుగులు అనడం మన అలవాటు. నిజానికి అవి క్రస్టేషియన్లు, రొయ్యకూ పీతకూ చుట్టాలు. అర మిల్లీమీటరు నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. గాజుగ్లాసులో చెరువు నీళ్లు ముంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గెంతుతున్నట్టు కదిలే తెల్లని చుక్కలు కనిపిస్తాయి చూడండి, అవే. మోయినా, సీరియోడాఫ్నియా, డాఫ్నియా దగ్గరి చుట్టాలు. రెండు చిప్పల మధ్య దాక్కుని అడుగు బురదలో తిరిగేవి ఆస్ట్రకాడ్లు. ఒంటికన్ను సైక్లాప్స్ సంగతి బళ్లో చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, నారికురుపు పాఠంలో వస్తుంది. ఆంధ్ర, కర్ణాటకలు రెండూ ఒకప్పుడు ఆ జబ్బున్న రాష్ట్రాలే. 2000లో మన దేశం దాని నుంచి బయటపడినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. సైక్లాప్స్‌కు మన దగ్గర ఉన్న పేరంతా ఆ అపఖ్యాతే. మిగతావాటికి అదీ లేదు.

కోలారు జిల్లాలో ఏ చెరువుకు వెళ్లినా కట్ట మీద కానుగ చెట్లుంటాయి, లోపలి మెట్టలో తుమ్మ ఉంటుంది, అంచున జమ్ము ఉంటుంది. వీటి ఆకు, పుల్ల, కాయ అన్నీ నీళ్లలోకే రాలతాయి. వానకు పొలాల నుంచి కొట్టుకొచ్చే గడ్డీగాదం సంగతి సరేసరి. ఎండాకాలానికి చెరువు అడుగున మిగిలేది నల్లటి మెత్తటి మన్ను. దాన్ని బండ్లకెత్తి పొలాలకు తోలుకోవడం ఇక్కడి రైతులకు తరతరాల పని. ఆకు మన్ను కావడానికి మధ్య దాన్ని ఎవరో తినాలి, తిన్నది అరగాలి. ఇందులో ఈ చిన్న జీవాల వంతు ఎంత? అరిగించుకునేది అవేనా, లేక వాటి కడుపులో కాపురముండే సూక్ష్మజీవులా? చూడ్డానికి చిన్న ప్రశ్న. జవాబు కోసం శాస్త్రవేత్తలు ముప్పావు శతాబ్దం తన్నుకులాడారు.

చిక్కంతా సెల్యులోజ్‌తోనే. 1838లో ఫ్రాన్స్ రసాయనవేత్త ఆన్సెల్మ్ పయెన్ మొక్కల కణగోడల నుంచి దీన్ని వేరుచేశాడు. బియ్యంలోని పిండిపదార్థమూ కలపలోని సెల్యులోజూ రెండూ గ్లూకోజ్ గొలుసులే. గొలుసు కొక్కేలు కలిసే తీరులోనే తేడా. ఆ తేడా వల్ల మనం అన్నం అరిగించుకుంటాం, గడ్డి అరిగించుకోలేం. ఆవు అరిగించుకుంటుంది గానీ, అది దాని గొప్ప కాదు, దాని పొట్టలో ఉన్న సూక్ష్మజీవులది. సెల్యులోజ్‌ను పూర్తిగా విడగొట్టాలంటే మూడు రకాల ఎంజైములు కావాలి: గొలుసును నడిమధ్యన తుంచేది ఒకటి, చివర్ల నుంచి రెండేసి గ్లూకోజ్‌లను కొరికేది ఇంకొకటి, ఆ జంటను విడదీసేది మూడోది. మూడూ ఒకే జంతువు సొంతంగా తయారుచేసుకోవడం అసాధ్యమనే చాలాకాలం నమ్మారు.

ఈ జీవాలను మొదట బొమ్మ గీసి వర్ణించింది 1669లో, డచ్చి వైద్యుడు యాన్ స్వామర్‌డామ్. తర్వాత 1755లో జర్మనీ పాదిరీ షేఫర్ వాటి అవయవాలను శ్రద్ధగా చిత్రించాడు. 1785లో డెన్మార్క్ వాడైన ఓ.ఎఫ్. ముల్లర్ డాఫ్నియా అని పేరు పెట్టాడు. ఈ వరసలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు నార్వేకు చెందిన జి.ఓ. సార్స్. ఆస్ట్రేలియాలో కార్ల్ లుమ్‌హోల్ట్స్ అనే అన్వేషకుడు ఒక మడుగు నుంచి ఎండిన బురద సేకరించి పంపాడు. సార్స్ ఆ గడ్డలను క్రిస్టియానియాలో, అంటే నేటి ఆస్లోలో, గాజుతొట్టెల్లో వేసి నీళ్లు పోశాడు. కొన్నాళ్లకు తొట్టెల్లో ఆస్ట్రేలియా జీవాలు ఈదడం మొదలుపెట్టాయి. 1885లో ప్రచురించిన వ్యాసంలో వాటిలో ఒకదానికి డాఫ్నియా లుమ్‌హోల్ట్సీ అని పేరిచ్చాడు. నెత్తిన పొడుగాటి ముల్లున్న ఆ జాతి మన దేశపు చెరువుల్లోనూ ఉంది.

ఏళ్ల తరబడి ఎండిపోయిన చెరువులున్న కోలారు వాళ్లకు ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. నీళ్లు తగ్గుతుంటే డాఫ్నియా వీపు మీది చిప్పలో కొంత భాగం గట్టిపడి సంచీ అవుతుంది. అందులో సాధారణంగా రెండు గుడ్లు. ఆ సంచీ బురదలో పడి ఎండిపోయి వానకు ఎదురు చూస్తుంది. మరవ పారేంత వాన అక్కర్లేదు, గుంటలో నీళ్లు నిలిస్తే చాలు, కొన్ని రోజుల్లో మళ్లీ తెల్లచుక్కలు. ఎక్కడి నుంచో వచ్చాయని అందరూ అనుకుంటారు. అవి ఎక్కడికీ పోలేదు.

తెలుగునాట ఈ జీవాలను దీక్షగా చదివినవారు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలోని వై. రంగారెడ్డి. సైక్లాప్స్ చేరే కోపిపాడ్ల గుంపులో డయాప్టమిడ్ అనే పెద్ద కుటుంబాన్ని గుర్తించడానికి ఆయన రాసిన మార్గదర్శిని 1994లో హేగ్ నగరం నుంచి వచ్చింది, ప్రపంచమంతా వాడుకునే వరసలో ఒక భాగంగా. తర్వాత ఆయన బోరుబావుల్లోనూ నదుల ఇసుక కిందా ఉండే క్రస్టేషియన్ల వైపు మళ్లారు. వెలుతురు లేనిచోట పచ్చనిదేదీ పెరగదు, అక్కడి జీవాల తిండి పైనుంచి జారివచ్చే కుళ్లిన ఆకు తునకలూ వాటి మీది సూక్ష్మజీవులే. మన ప్రశ్న అక్కడ మరీ సూటిగా నిలబడుతుంది.

ప్రశ్న మొదట తలెత్తింది మాత్రం డాఫ్నియా ఒళ్లు పారదర్శకం కావడం వల్లే. సూక్ష్మదర్శిని కింద పెడితే గుండె కొట్టుకోవడం దగ్గర్నుంచి పేగు పచ్చబడటం దాకా అన్నీ కనిపిస్తాయి. 1884లో జీవశాస్త్రవేత్త మెచ్నికాఫ్ దీన్నే వాడుకున్నాడు. ఒక రకం ఈస్ట్ తాలూకు సూదుల్లాంటి బీజాలను డాఫ్నియా మింగడం, అవి పేగు గోడను పొడుచుకుని బయటికి రావడం, రక్తకణాలు వచ్చి వాటిని చుట్టుముట్టి మింగేయడం అతను కళ్లారా చూశాడు. రోగనిరోధకశక్తి శాస్త్రానికి పునాదుల్లో అదొకటి, 1908లో నోబెల్ కూడా వచ్చింది. పేగు దాటి బయటికి వచ్చిన ఈస్టు జగత్ప్రసిద్ధమైంది. పేగులోనే ఉండిపోయిన ఆహారం గతేమిటో అడగడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

ఆ పేగు చాలా సాదా నిర్మాణం. ఛాతీ మీది అయిదు జతల కాళ్లు నీటిని లోపలికి లాగుతూ ఉంటాయి, వాటి మీది సన్నని వెంట్రుకల వరసలు తునకలను ఆపుతాయి. ఆగినవి ఒక గాడి వెంట నోటివైపు జరుగుతాయి. దవడలు నలుపుతాయి. అక్కడి నుంచి నేరుగా మధ్యపేగు. దాని మొదట్లో రెండు చిన్న తిత్తులుంటాయి. తిన్నది పేగుగోడకు తగలకుండా పలుచని పొర ఒకటి చుట్టుకుని ఉంటుంది, అరిగిన పదార్థం దానిలోంచి వడపోసుకుని గోడలోకి ఇంకాలి. లోపలి రసం ఆమ్లమూ కాదు క్షారమూ కాదు, రెంటికీ మధ్యన. అన్నిటికంటే ముఖ్యమైనది వేగం: తిండి పుష్కలంగా ఉంటే నోట్లో పడ్డది కొన్ని నిమిషాల్లోనో, మహా అయితే గంట లోపలో బయటపడుతుంది. ఆవు ఒక మేతను రోజుల తరబడి నానబెట్టి, నెమరేసి, పులియబెట్టి అరిగించుకుంటుంది. అరగంట వ్యవధిలో ఆకును ఎవరు అరిగిస్తారు?

1930లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ హాస్లర్ అనే యువకుడు ఈ పనికి పూనుకున్నాడు. సరస్సుల అధ్యయనంలో పేరున్న చాన్సీ జూడే అతని గురువు. డాఫ్నియా ఎంజైముల మీద అతని మొదటి వ్యాసం 1935లో, డయాప్టమస్ వంటి కోపిపాడ్లను కూడా కలుపుకున్న రెండోది 1937లో వచ్చాయి. హాస్లర్ తర్వాతి కాలంలో వేరే పనితో ప్రసిద్ధుడయ్యాడు. సాల్మన్ చేపలు వాసన పట్టి పుట్టిన వాగుకు తిరిగొస్తాయని చూపింది అతనే. ఈ మొదటి పనిని చాలామంది మర్చిపోయారు, నాకైతే అది అన్యాయమనిపిస్తుంది. ప్రోటీన్లను, కొవ్వులను, పిండిని విడగొట్టే ఎంజైములు ఈ చిన్నప్రాణుల్లో ఉన్నాయని రసాయనపరీక్షలతో చూపించినవాడు మరి.

కానీ ఆ పద్ధతిలోనే ఒక లోపం దాగి ఉంది. ఒక్క డాఫ్నియాలో ఎంజైమ్ కొలవడానికి చాలదు. గుట్టలుగా పోగుచేసి, నూరి, రసం తీయాలి. నూరినప్పుడు జంతువు ఒక్కటే నలగదు కదా. దాని పేగులోని ఆల్గే, ఆల్గే మీది బ్యాక్టీరియా, గుల్లకు అంటుకున్న బూజు, అన్నీ కలిసి నలుగుతాయి. ఆ రసం సెల్యులోజ్‌ను కరిగించినా ఆ ఎంజైమ్ ఎవరిదో చెప్పలేం.

సరిగ్గా ఆ రోజుల్లోనే జీవశాస్త్రం ఒక తీర్పు వైపు మొగ్గింది. ఎల్.ఆర్. క్లీవ్‌లండ్ 1920లలో చెదపురుగులను వేడిలో ఉంచి వాటి కడుపులోని ఏకకణజీవులను చంపేశాడు. చెదలు బతికే ఉన్నాయి, కలపనూ తింటూనే ఉన్నాయి, కానీ కడుపు నిండా కలప పెట్టుకుని ఆకలితో చచ్చిపోయాయి. ఆ జీవులను మళ్లీ ఎక్కిస్తే బతికాయి. ఇంత అందమైన ప్రయోగం చూశాక ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది: జంతువుకు సెల్యులోజ్ చేతకాదు, అరువు తెచ్చుకోవాల్సిందే. నిజానికి 1898లోనే బీడర్‌మన్, మోరిట్స్ అనే ఇద్దరు నత్త జీర్ణరసంలో సెల్యులోజ్‌ను కరిగించే ఎంజైమ్ ఉందని రాశారు. 1964లో జపాన్‌లో యోకోయే, యసుమసు ఎన్నో రకాల వెన్నెముక లేని జీవులను పరీక్షించి చాలావాటిలో సెల్యులేజ్ కనిపిస్తోందని చెప్పారు. రెండిటికీ ఒకే జవాబు సిద్ధంగా ఉండేది: అది బ్యాక్టీరియాదై ఉంటుంది.

ఆనవాలు ఎవరిదో వేరుచేయలేని ఈ ఇబ్బంది ఎలాంటిదో కేజీఎఫ్‌కు బాగా తెలుసు. 1965లో మేనన్, శ్రీకంఠన్ మొదలైన టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ బృందాలతో కలిసి ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టారు. ఆకాశం నుంచి కురిసే మిగతా కిరణాల గోల అంతా పై రాయి ఆపేస్తే, ఆ నిశ్శబ్దంలో న్యూట్రినో తాలూకు ఆనవాలు దొరుకుతుందని వాళ్ల ఎత్తు. దొరికింది. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను మొదట పట్టుకున్న చోట్లలో ఈ గని ఒకటి. డాఫ్నియా వాళ్లకు కావాల్సిందీ అలాంటి నిశ్శబ్దమే: బ్యాక్టీరియా సద్దు లేని పేగు. అది దొరకడానికి ఏ గనీ ఉపయోగపడదు.

మధ్యలో కథ ఆకు వైపు నుంచి నడిచింది. 1942లో ఇంగ్లండ్‌లో సి.టి. ఇంగోల్డ్ ఒక వాగులో కుళ్లుతున్న ఆల్డర్ ఆకుల మీద విచిత్రమైన శిలీంధ్రాలను చూశాడు. వాటి బీజాలు నాలుగు చేతులు చాచుకుని ఉంటాయి, ప్రవాహంలో కొట్టుకుపోకుండా ఆకుకు తగులుకోవడానికి. అవి పట్టని ఆకును మిగతా జీవాలు ముట్టుకోవడానికి పెద్దగా ఇష్టపడవని తేలడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. కెనడాలోని వాటర్‌లూలో ఎన్.కె. కౌశిక్, హెచ్.బి.ఎన్. హైన్స్ వాగుల్లో రాలిన ఆకుల గతి మీద 1971లో వ్యాసం ప్రచురించారు. నీళ్లలో నానుతున్న ఆకులో ప్రోటీన్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది! బ్యాక్టీరియాను చంపే మందు వేస్తే పెరుగుదల ఆగలేదు, శిలీంధ్రాలను చంపే మందు వేస్తే ఆగింది. గామరస్ అనే రొయ్యజాతి చిరుప్రాణికి తాజా ఆకూ నానిన ఆకూ పక్కపక్కన పెడితే నానినదాని వైపే వెళ్లింది. అదే విశ్వవిద్యాలయంలో ఫెలిక్స్ బేర్లోకర్, బ్రైస్ కెండ్రిక్ ఇంకో అడుగు వేసి, ఆకు తీసేసి ఒట్టి శిలీంధ్రాన్నే వడ్డించారు. గామరస్ తక్కువ తిని బాగా పెరిగింది.

1974లో కెన్నెత్ కమిన్స్ దీన్ని ఒక మాటలో చెప్పాడు: ఆకు బిస్కెట్టు, సూక్ష్మజీవులు దాని మీద పూసిన వేరుశెనగ వెన్న. బిస్కెట్టు మోసుకొచ్చే పళ్లెం మాత్రమే, బలమంతా వెన్నలో ఉంది. ఇక్కడివాళ్లు చెబితే రాగిముద్ద, బస్సారు అనేవాళ్లేమో. కాకపోతే ఆ పోలికలో ముద్దకు అన్యాయం జరుగుతుంది. పోలిక ఎంత బాగా అతికిందంటే, ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు బిస్కెట్టు కూడా అరుగుతుందేమో అని అడిగేవాళ్లు కరువయ్యారు. మంచి ఉపమానం మంచి ప్రశ్నను ఎలా మింగేస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. మన కర్ణాటకలో మంగళూరు విశ్వవిద్యాలయానికి చెందిన కె.ఆర్. శ్రీధర్ పడమటి కనుమల వాగుల్లో ఈ నాలుగు చేతుల శిలీంధ్రాలను దశాబ్దాల పాటు వెతికి, బేర్లోకర్‌తో కలిసి కూడా పనిచేశారు.

కెనడా పశ్చిమాన మేరియన్ సరస్సులో బారీ హార్గ్రేవ్ 1970లో చేసిన కొలతలు కూడా కమిన్స్ పక్షానే ఉన్నాయి. హయలెల్లా అనే మరో చిరుప్రాణి బ్యాక్టీరియాను చాలావరకు అరిగించుకుంది, ఆకును అరిగించుకున్నది అతి స్వల్పం, ఒట్టి సెల్యులోజ్‌ను అరిగించుకోనేలేదు. అయితే 1976, 77ల్లో ఇంగ్లండ్‌లో డి.సి. మంక్, 1986లో షామియర్, విలోబీ గామరస్ జీర్ణరసాన్ని పరీక్షించి, అందులో సెల్యులేజ్ జంతువు సొంతదే కావచ్చన్నారు. ఒకే వంశపు జీవుల మీద ఎదురుబొదురు తీర్పులు.

డాఫ్నియా వైపు కారెన్ పోర్టర్ పని ఈ గొడవకు కొత్త మలుపు. ఆల్గే తింటే అరగడం ఖాయమని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆమె ఆ సంగతి తేల్చుకుందామనుకుంది. స్ఫీరోసిస్టిస్ అనే పచ్చని ఆల్గే చుట్టూ జిగురు పొర ఉంటుంది. డాఫ్నియా దాన్ని మింగుతుంది. 1976లో సైన్స్ పత్రికలో ఆమె చూపించింది ఏమిటంటే, ఆ కణాల్లో 90 శాతానికి పైగా పేగులో ప్రయాణం చేసి రెండో చివరన ప్రాణంతో, ఎదుగుతూ బయటికొస్తున్నాయి. అంతటితో ఆగలేదు. దారిలో పక్కన అరిగిపోతున్న ఆల్గే నుంచీ, డాఫ్నియా విసర్జించేవాటి నుంచీ భాస్వరం పీల్చుకుని మరింత బలంగా విడిపోతున్నాయి. తిన్నవాడి కడుపులో విందు ఆరగించి వెళ్లిపోయే అతిథులన్నమాట. తర్వాత 1993లో వాన్ డాంక్, హెసెన్ మామూలుగా అరిగిపోయే ఆల్గే కూడా భాస్వరం కరువైతే గోడలు మందం చేసుకుని ఇలాగే గండం గట్టెక్కుతాయని చూపించారు. తినడం, అరగడం రెండు వేర్వేరు సంగతులని ఆనాటి నుంచి ఎవరూ మర్చిపోలేదు.

1984లో షోన్‌బర్గ్, మకబిన్, హాడ్సన్ సూటిగా మన ప్రశ్ననే ఎత్తుకున్నారు: మంచినీటి చిరు క్రస్టేషియన్లు సెల్యులోజ్ అరిగించుకుంటాయా? రేడియోధార్మిక కార్బన్ గుర్తు వేసిన సెల్యులోజ్‌ను తినిపించి ఆ గుర్తు ఎక్కడ తేలుతుందో చూశారు. నూరి రసం తీయడం కంటే ఇది ఎన్నో రెట్లు నిజాయితీ ఉన్న దారి, ఎందుకంటే బతికున్న జంతువు ఒంట్లో ఎంత కలిసిందో తెలుస్తుంది. ఒక్క లోటు: గుర్తు ఒంట్లోకి చేరిందని తెలుస్తుంది గానీ, గొలుసు తెంపినదెవరో తెలియదు.

తెంపినదెవరో తెలియాలంటే ఆ నిశ్శబ్దపు పేగు కావాలి. అది ఉప్పునీటిలో దొరికింది. ఓడల అడుగులనూ రేవుల కొయ్యస్తంభాలనూ కొరికేసే లిమ్నోరియా అనే చిన్న క్రస్టేషియన్ పేగులో సూక్ష్మజీవులు దాదాపు లేవని 1978లో బాయిల్, మిచెల్ సైన్స్ పత్రికలో రాశారు. ఒట్టి కలప తిని బతికే ప్రాణి, కడుపులో అద్దెకున్నవాళ్లెవరూ లేరు! దీని అర్థం ఒక్కటే కావాలి, కానీ జన్యువు చేతికి చిక్కేదాకా ఎవరూ గట్టిగా అనలేకపోయారు.

1998లో ఆ ముడి విడింది, అదీ క్లీవ్‌లండ్ ఉదాహరణగా వాడిన చెదపురుగులోనే. జపాన్‌కు చెందిన వతనబే బృందం చెదపురుగు లాలాజల గ్రంథుల్లో పనిచేసే సెల్యులేజ్ జన్యువు చెదపురుగు సొంతదేనని నేచర్ పత్రికలో చూపింది. మరుసటి ఏడే ఆస్ట్రేలియాలో బర్న్ బృందం మంచినీటి ఎర్రగోటి క్రేఫిష్‌లో అలాంటి జన్యువునే పట్టుకుంది. 2003లో లో, వతనబే, సుగిమురా ఇంకా దూరం వెళ్లారు: ఈ జన్యువు ఎక్కడి నుంచో ఈ మధ్య వచ్చి చేరింది కాదు, జంతువుల అతిప్రాచీన పూర్వీకుడి దగ్గరే ఉండేది, మనవంటి వంశాలు దాన్ని పోగొట్టుకున్నాయి. చేతకానిది జంతువులకని ఎనభై ఏళ్లు చెప్పుకున్న పని నిజానికి జంతువుల పాత ఆస్తి.

2010లో బ్రిటన్‌లో యార్క్, పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయాల బృందాలు లిమ్నోరియా జీర్ణగ్రంథిని విప్పి చదివాయి. ఆ గ్రంథి తయారుచేసే వాటిలో పెద్ద భాగం కలపను కరిగించే ఎంజైములే. వాటిలో అప్పటిదాకా శిలీంధ్రాల్లోనూ కొన్ని ఏకకణజీవుల్లోనూ మాత్రమే తెలిసిన రకం కూడా ఉంది. అది వాళ్లను ఆశ్చర్యపరిచింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో డాఫ్నియా ప్యూలెక్స్ జన్యుసముదాయం సైన్స్‌లో అచ్చయింది, క్రస్టేషియన్లలో అదే మొదటిది. కనీసం 30,907 జన్యువులు, మనకంటే ఎక్కువ. కలపతో ఏ సంబంధమూ లేని ఈ మంచినీటి ప్రాణిలోనూ ఆ శిలీంధ్ర రకపు సెల్యులేజ్ కనిపించింది. హాస్లర్ నూరిన రసంలో ఎవరిదో చెప్పలేకపోయిన పనిలో కొంత భాగం, ఈ జన్యువుల లెక్కన, డాఫ్నియాదే.

ఇక్కడితో సూక్ష్మజీవుల పక్షం ఓడిపోయిందనుకుంటే పొరపాటు. 2015లో సిసాన్-మాంగస్, ముషెగియన్, ఎబర్ట్ డాఫ్నియాలను సూక్ష్మజీవులు లేకుండా పెంచి చూశారు. పిల్లలు చిన్నవిగా పెరిగాయి, ఎక్కువ చచ్చిపోయాయి, తక్కువ సంతానం పెట్టాయి. సూక్ష్మజీవులను తిరిగి ఇస్తే కోలుకున్నాయి. అంటే సొంత ఎంజైములున్నా ఒంటరిగా బండి నడవదు. లిమ్నోరియాకు అద్దెదారులు అక్కర్లేదు, డాఫ్నియాకు కావాలి. ఒకే కుదురులో ఇన్ని తీర్లు ఉండటం వల్లనే, హార్గ్రేవ్ నుంచి షామియర్ దాకా ఒకరి మాట ఒకరికి అబద్ధంగా కనిపించింది. నాకు తోచినంతలో వాళ్లలో తప్పు చెప్పినవాళ్లు తక్కువ. ఒక్కో ప్రాణిని చూసి అన్ని ప్రాణుల గురించి మాట్లాడారు, అంతే.

ఇప్పుడు కోలారుకు రండి. 2018 జూన్‌లో కోరమంగళ-చల్లఘట్ట లోయ పథకం మొదలైంది. బెంగళూరు మురుగును శుద్ధిచేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల లెక్కన కోలారు చెరువుల్లోకి మళ్లించాలన్నది దాని లక్ష్యం. మొదట నిండింది లక్ష్మీసాగర చెరువు. దశాబ్దాలుగా నీటిబొట్టు ఎరగని వందకు పైగా చెరువులకు అది చేరుతుందన్నారు. బోర్లలో నీళ్లు పైకొచ్చాయని సంతోషించినవాళ్లున్నారు, శుద్ధి రెండో దశతోనే ఆపేశారని కోర్టులకెక్కినవాళ్లూ ఉన్నారు. ఆ వాదనల్లో ఇద్దరూ పెద్దగా ప్రస్తావించని సంగతి ఒకటుంది. రెండో దశ శుద్ధిలో నత్రజని, భాస్వరం చాలావరకు మిగిలే ఉంటాయి. వానచెరువులో తిండి ఆకుతో, మన్నుతో వస్తుంది. ఈ నీళ్లలో తిండి ఆల్గేగా పుడుతుంది. చెరువు కడుపుకు మెనూ మారింది.

ఏ ఆల్గే అన్నదే అసలు సంగతి. భాస్వరం దండిగా ఉన్న వెచ్చని నీళ్లలో నీలిహరిత రకాలు తేలిగ్గా పైచేయి సాధిస్తాయి. వాటిలో స్టెరాల్ ఉండదు. డాఫ్నియా దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు, తిండితోనే రావాలి. 2003లో ఫాన్ ఎలర్ట్ బృందం నీలిహరిత కణాల తిండికి కొలెస్ట్రాల్ అనే స్టెరాల్ కలిపి ఇస్తే డాఫ్నియా పెరుగుదల పుంజుకుందని చూపించింది. అంటే కడుపు నిండినా పోషణ లేని స్థితి. ఆకు వైపూ తిండి మారింది. కోలారు మెట్టల్లో దశాబ్దాల పాటు నీలగిరి తోటలు వేశారు. భూగర్భజలం లాగేస్తుందని కర్ణాటక ప్రభుత్వం 2017లో వాటిని కొత్తగా నాటడాన్ని నిషేధించింది. పోర్చుగల్‌లో కానోటో, గ్రాసా అనే పరిశోధకులు 1999లోనే నీలగిరి ఆకు శిలీంధ్రాలకూ, దాన్ని నమిలే వాగు పురుగులకూ ఎందుకు కొరుకుడుపడదో వివరించారు. మైనపు పొర, నూనెలు, చేదు పదార్థాలు కలిసి ఆ బిస్కెట్టు మీద వెన్న పట్టనివ్వవు. కానుగ ఆకు పడ్డ చెరువూ, నీలగిరి ఆకు పడ్డ చెరువూ ఈ ప్రాణులకు ఒకటి కావు.

డాఫ్నియా పేగు బాగుంటే ఎవరికి లాభమంటే, చెరువులో వదిలిన బొచ్చె చేపలకు. నీటి పైపొరల్లో తిరుగుతూ ఇలాంటి చిరుప్రాణులను ఏరుకుతినే చేప అది. దాన్ని సంతలో కొనేవాళ్లకు కూడా లాభమే.

శుద్ధిచేసిన నీరు విషమా కాదా తేల్చడానికి ప్రపంచమంతా వాడే పరీక్షల్లో డాఫ్నియాదే పెద్దపీట. ప్రామాణిక పద్ధతి ప్రకారం వాటిని నమూనా నీళ్లలో వేసి, 48 గంటల తర్వాత కదలకుండా పడిపోయినవి ఎన్నో లెక్కపెడతారు. ఆ రెండు రోజులూ వాటికి తిండి పెట్టరు. కాబట్టి ఆ పరీక్ష నెగ్గిన నీళ్లలో డాఫ్నియా వెంటనే చావదని మాత్రమే తెలుస్తుంది, తిన్నది అరిగిందో లేదో తెలియదు. పిల్లల సంఖ్యను 21 రోజుల పాటు లెక్కించే పరీక్ష ఇంకొకటుంది. అందులో తిండి పెడతారు, కానీ ప్రయోగశాలలో పెంచిన మంచి పచ్చ ఆల్గే పెడతారు. చెరువు నీళ్లలో దొరికే తిండినే పెట్టి ఆ 21 రోజులూ నడిపితే కోలారు చెరువుల గురించి మనకు కావలసిన జవాబు వస్తుంది. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఏ డిగ్రీ కాలేజీ ప్రయోగశాలలోనైనా ఉండే సూక్ష్మదర్శిని, గాజుబీకర్లు, ఓపిక ఉంటే చాలు.